ముందు కావలసినవి

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. ‘కంప్యూటరులో తెలుగు పెట్టి చూడు’ అన్న మాటను కూడా ఆ వరుసలో చేర్చవచ్చునని మాకు తోస్తున్నది. ఏ కార్యానికైనా ముందుగా సమకూర్చుకోవలసిన సామగ్రి కొంత ఉంటుంది. పునాది, గ్రౌటింగు, ఎర్తింగు సిద్ధమైనవో లేవో చూడకుండా మనలో ఎవరమూ యంత్రాన్ని నడిపించము. సాఫ్ట్‌వేరుకు కూడా ఇదే నియమము వర్తిస్తుంది.

వసంత్ కుంజ్‌లో నివసించే తెలుగు కుటుంబాలలో మాది ఒకటి. ఇక్కడ పెరిగే మా అమ్మాయికి ఇంట తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు నోటికి వచ్చును గాని చేతికి రాదు. తెనాలిలో ఉన్న నాయనమ్మకు తెలుగు తప్ప వేరొక లిపి తెలియదు. వృద్ధాప్యము వలన ఆమెకు టెలిఫోనులో మాట వినబడడం తగ్గింది. ఇక వారిద్దరి మధ్య మిగిలిన దారి ఉత్తరమొక్కటే.

ఇంటి కంప్యూటరులో డెబియన్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమును స్థాపించాము. 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన ఈ వ్యవస్థను నేటికీ వివిధ దేశాల స్వచ్ఛంద కార్యకర్తలు తీర్చిదిద్దుతున్నారు. అయితే తెరపై తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ పెట్టెలు కనిపించాయి. అక్షరాల సంకేతాలు ఉన్నవి గాని, వాటికి రూపమిచ్చే ఫాంటు లేదు.

ఫాంటు ఒక్కటి ఉన్నా చాలదు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరము యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. వాటిని ఒత్తులతో ఒకే అక్షరంగా కూర్చే పనిని హార్ఫ్‌బజ్ వంటి సాఫ్ట్‌వేరు చేస్తుంది. ఇక మీటలు నొక్కగా తెలుగు రావడానికి మరొక ప్యాకేజీ కావాలి.

ఇన్ని వస్తువులను ఒక్కొక్కటిగా వెదకి తెచ్చుకోవలసి వస్తే, ఒకటి మరొకదానిని, అది ఇంకొకదానిని అడుగుతూ పోతుంది. ఈ శ్రమను తప్పించే ఆప్ట్ అనే సాధనము 1999 మార్చిలో వెలువడిన డెబియన్ 2.1తో అందరికీ అందింది. ముందు ‘ఆప్ట్ అప్‌డేట్’ అని ఆజ్ఞ ఇచ్చి తాజా జాబితాను తెప్పించుకోవాలి. తరువాత కావలసిన ప్యాకేజీని కోరాలి. ప్రతి ప్యాకేజీ తనకు తప్పనిసరి ఏవో, ఉంటే మంచివి ఏవో, కేవలం సూచనలు ఏవో మూడు తరగతులుగా ముందే ప్రకటించి ఉంటుంది. ఆప్ట్ ఆ పట్టికను మన ముందుంచి, అనుమతి పొంది, మన స్టోర్సు విభాగము సరుకును తనిఖీ చేసినట్లు డిజిటల్ సంతకముతో సరిచూచి, తగిన క్రమములో అమరుస్తుంది.

మేము ‘ఫాంట్స్-తెలు’ను కోరి తెలుగు ఫాంట్లను తెచ్చుకున్నాము. పోతన, వేమన కవుల పేర్లు పెట్టిన ఫాంట్లు కూడా డెబియన్‌లో లభిస్తాయి. ‘ఐబస్-ఎం17ఎన్’ను కోరగా, దానికి ఆధారమైన లైబ్రరీలను ఆప్ట్ తానే చేర్చింది. ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికలో అచ్చుల గుర్తులు ఎడమవైపున, హల్లులు చాలవరకు కుడివైపున ఉంటాయి. హిందీ ‘క’కు, తెలుగు ‘క’కు ఒకటే మీట కనుక ఢిల్లీ పిల్లలకు ఇది ఎంతో అనుకూలము.

అమ్మాయి రెండు సాయంత్రాలు కూర్చుని ఏడు వాక్యాలు వ్రాసింది. నాయనమ్మ వాటిలో రెండు తప్పులు ఎర్రసిరాతో దిద్ది, కాగితం వెనుకవైపున జవాబు వ్రాసి పంపారు. ఆ జవాబును కూడబలుక్కుంటూ చదవడానికి అమ్మాయికి ఒక పూట పట్టింది.

బదిలీలపై ఊళ్ళు తిరిగే మన ఉద్యోగులకు ఒక మనవి. ప్యాకేజీ తనకు కావలసినవేవో పట్టిక వ్రాసి మరీ అడుగుతుంది. పిల్లలు అడగరు. ఓనమాలు, ఒక కథల పుస్తకం, తప్పులు దిద్దే పెద్దదిక్కు: వీటిని అడగకముందే మనమే సమకూర్చాలి.