తిరిగే ఇంజన్ని విప్పడమెందుకు?

మా తణుకు వైపు ఆయిలింజన్లకి ఒకటే శాస్త్రం. ఆగిపోతేనే మేస్త్రీకి కబురు. దాళ్వా చేలు నెర్రెలు విచ్చుతుంటే తప్ప మా నాన్నగారికి స్పానర్ల మీద ధ్యాస పోయేది కాదు. "తిరిగేదాన్ని కెలకడం దేనికే?" అనేవారు.

మా అన్నయ్య కొడుకు ఒక ఫ్లయింగు క్లబ్బులో విమానాల ఇంజన్లు చూస్తాడు. అక్కడి శాస్త్రం దీనికి తలకిందులు. చక్కగా తిరిగే ఇంజన్నే విప్పుతారండీ! సెస్నా 152 అని, కుర్రాళ్ళు ఎగరడం నేర్చుకునే చిన్న విమానం ఉంది. దాని లైకమింగు ఇంజనుకి నాలుగు సిలిండర్లు, చల్లబరిచేది గాలే. అది 2,000 గంటల పైచిలుకు నడిచినా, అంత నడవకుండానే 12 ఏళ్ళు నిండినా, మొత్తం ఊడదీసి ఓవర్‌హాలు చెయ్యాలని తయారుచేసినవాళ్ళే చెబుతారు.

"నడవనిది ఎలా అరుగుతుందిరా?" అన్నాను.

"అరగదత్తయ్యా, లోపల తుప్పు పడుతుంది."

నిజమే, మూలపడ్డ మా కుట్టుమిషను సాక్ష్యం.

ఓవర్‌హాలంటే రింగులు మార్చి చేతులు దులుపుకోవడం కాదు. క్రాంక్‌షాఫ్టుకి అయస్కాంతశక్తి ఎక్కించి, సన్నటి ఇనపరజను కలిపిన ద్రవం పోస్తారు. కంటికానని బీట ఉంటే రజనంతా అక్కడ గీతలా పోగవుతుంది. మామూలు తనిఖీల్లోనైతే ఆయిలు ఫిల్టరుని కోసి, మడతలు విప్పి, లోహపు పలుకులున్నాయేమోనని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వెతుకుతారు. సిలిండరుకి రెండేసి ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వనిచ్చే మాగ్నెటోలూ రెండు. ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకోవాలి. ఆకాశంలో బండి పక్కకి తీసి ఆపుకునే వీలు లేదు కదా!

అలాగని మా నాన్నగారిది వట్టి బద్ధకమని కొట్టిపారెయ్యకండి. రెండో ప్రపంచయుద్ధంలో సబ్‌మెరైన్లని వేటాడే బ్రిటిషు విమానాల మరమ్మతు లెక్కలు తీశారు, వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్తా ఆయనతో పనిచేసినవాళ్ళూ. 50 గంటలకోసారి తనిఖీ చేశాక చెడిపోవడం తగ్గాలి. తగ్గకపోగా, తనిఖీ అయిన వెంటనే పెరిగింది! తర్వాత మెల్లగా తగ్గింది. అంటే, బాగున్నదాన్ని విప్పి బిగించడంలోనే కొత్త రోగాలు పుడుతున్నాయన్నమాట. తనిఖీల మధ్య ఎడం పెంచితే, ఎగరగల విమానాలు ఎక్కువయ్యాయి. ఈ కథంతా 1973లో గాని పుస్తకంగా రాలేదు.

ఇది చెబితే మేనల్లుడు నవ్వలేదు. "అందుకే ఓవర్‌హాలైన కొత్తలో నాకు నిద్ర పట్టదు. విప్పకపోతే ఒక భయం, విప్పితే ఇంకో భయం" అన్నాడు. లాగ్‌బుక్కులో సంతకం పెట్టేది వాడు. ఎక్కేది ఎవరి పిల్లలో! మా వదిన మాత్రం కొడుకు "మెకానిక్కు" అని చెప్పుకోడానికి ఇప్పటికీ నామోషీ పడుతుంది.

సంతకానికి ముందు పెట్టెలో పనిముట్లు లెక్కపెట్టుకుంటారట. ఒకటి తగ్గినా విమానం కదలదు. ఒకసారి చిన్న స్క్రూడ్రైవరు కోసం రాత్రి పదకొండింటిదాకా, కట్టిన కవచాలన్నీ మళ్ళీ విప్పి వెతికారు. చివరికి అది ఎవరి చొక్కాజేబులోనో ఉంది. విప్పినవాటన్నిటినీ మర్నాడు మళ్ళీ మొదట్నించీ తనిఖీ చేశారు.