గీతలు గీయు యంత్రము

పండుగకు ముందు అటక దులిపి, పనికిరాని సామానును తూకమునకు వేయుట మన యిండ్లలో వాడుకయే కదా. నిరుడు సంక్రాంతికి ముందు నేనును దుప్పటి చుట్టియున్న యొక పెట్టెను క్రిందికి దింపించి, పాత యినుము కొనువానికి కబురంపితిని. మంచముమీద నున్న మా నాన్నగారు దానిని చూచి, యెడమచేయి యెత్తి వలదని సైగ చేసి, యేదియో చెప్పబోయిరి. ఆ మాట పూర్తియగువరకు నిలుచుటకు నాకు తీరిక లేకపోయెను. “అమ్మను లెండి, నాన్నగారూ” అని వంటయింటిలోనికి పోతిని.

మా నాన్నగారు చిరకాల మొక యింజనీరింగు కార్యాలయమున పటములు గీయు నుద్యోగము చేసిరి. ఆ పెట్టె అచ్చట పనిచేసిన ప్లాటరు. హ్యూలెట్ పాకార్డువారు 1983లో వెలువరించిన 7475ఎ అను రకము. కార్యాలయమువారు దానిని తీసివేయునపుడు ఆయన కొద్ది వెలకు తెచ్చుకొనిరి. నేటి ముద్రణయంత్రమువలె నిది చుక్కలతో బొమ్మ కట్టదు. మనుష్యునివలె కలము పట్టి గీత గీయును. గుండ్రని పళ్లెరమువంటి దానిలో ఆరు కలములు నిలుచును. కాగితము ముందునకు వెనుకకును, కలము కుడికి నెడమకును నడచును. ఈ రెండు నడకలును కలియగా వృత్తమైనను, వంకరగీతయైనను పుట్టును. మిల్లీమీటరును 40 భాగములు చేసిన, అందొక భాగమును గుర్తించి కలమును నడపగల నేర్పు దానికి కలదు.

రెండేండ్ల క్రిందట నాన్నగారికి పక్షవాతము వచ్చెను. కుడిచేయి పోయెను. మాట పోలేదు గాని, పదమునకు పదమునకు నడుమ పెద్ద యెడము వచ్చెను. ఆయన “మం...” అనగానే “మంచినీళ్లా?” యని తెచ్చి యిచ్చుచు, ఆయనకు శ్రమ తప్పించుచున్నానని నేను సంతోషించుచుంటిని.

ఆ రాత్రి మావారు ఆయన ప్రక్కను చాలసేపు కూర్చుండి, వచ్చి నాతో ననిరి: “ఆ యంత్రముతో మీ పాత యింటి పటము గీయవలెనని ఆయన కోరిక.” కోనసీమలోని మా పెద్దల మండువా యిల్లు 1996 నవంబరు తుపానులో కూలిపోయెను. అప్పటికి నేను చిన్నపిల్లను. దాని ఛాయాచిత్ర మొక్కటియు మాకు మిగులలేదు. ఆ యింటి కొలతలు ఇప్పుడు ఒక్క నాన్నగారి తలలో మాత్రమే యున్నవి. వానిని కాగితముమీదికి దింపుటకు ఇంకెన్ని దినములు గడువున్నదో యెవ రెరుగుదురు? నే నా యంత్రమును బాగుచేయించుటకు పూనుకొంటిని.

పటము గీయుటకు లిబ్రెకాడ్ అను ఉచిత సాధనమును కంప్యూటరులో పెట్టుకొంటిమి. అందు గీచినదానిని డి.ఎక్స్.ఎఫ్. అను రూపమున దాచి, ఇంక్‌స్కేప్ అను మరియొక సాధనమున తెరచిన, అది యంత్రమునకు తెలిసిన హెచ్.పి.జి.ఎల్. భాషలోనికి మార్చును. ఆ భాష మిక్కిలి చిన్నది. ఎస్.పి.1 అనిన మొదటి కలమును చేకొనుమని, పి.యు. అనిన కలము నెత్తుమని, పి.డి. అనిన దించుమని, పి.ఎ. అని రెండంకెలు చెప్పిన ఆ చోటికి పొమ్మని. ముగ్గు పెట్టునపుడు వ్రేళ్లు సడలించి పిండి జార విడుచుటయు, బిగించి చేయి జరుపుటయు ఎరిగిన మనకు ఇందు క్రొత్త యేమున్నది?

చిక్కులు వేరొకచోట నుండెను. పాత కలములు ఎండిపోయినందున, ప్లాస్టిక్ తొడుగులు చేయించి, వానిలో బజారున దొరకు సన్నని కలములను బిగించితిమి. ఈ యంత్రమునకు వలసిన సీరియల్ ద్వారము నేటి కంప్యూటరునకు లేనందున, యు.ఎస్.బి.నుండి మార్చు చిన్న పరికరమును, దానితో నొక తీగను కొంటిమి. వేగము రెండు వైపులను 9600గా నమర్చితిమి. మీట నొక్కగానే కలము కదలెను! ముందు గోడ చక్కగా వచ్చెను, అరుగు వచ్చెను. అంతలో కలము పిచ్చిపట్టినట్లు కాగితము నీ మూలనుండి యా మూలకు అడ్డముగా గీచివేసెను. మరల ప్రయత్నించితిమి, మరల నంతే. నాలుగు దినములు, పదునెనిమిది కాగితములు వ్యర్థమయ్యెను.

నాన్నగారు చూచుచుండి “ని... లు...” అనిరి. “నిలువుగీతలు చెడినవనియా?” అంటిని. ఆయన తల యడ్డముగా ఊపి మరల మొదలిడిరి. “నిలువుగా పెట్టవలెనా కాగితము?” అంటిని. ఆయన కన్నులు మూసుకొని గోడవైపు తిరిగిరి. మావారు మెల్లగా, “ఆయన మాట ఇంకను పూర్తికాలేదు” అనిరి.

నేను మంచము ప్రక్క నేలమీద కూర్చుంటిని. ఎంతసేపో తెలియదు; పొయ్యిమీద పాలు పొంగి పోయినవి. “నిలుపు... మను... తీగ... లేదు” అనిరి నాన్నగారు.

అదియే లోపము. ఈ యంత్రము గర్భమున 1024 అక్షరములకు మాత్రమే చోటు గలదు. కంప్యూటరు సెకనుకు సుమారు 960 అక్షరములు పంపగలదు. కలము పాపము తన నడకను తాను నడచును. చోటు నిండగానే “నిలుపు” మని యంత్రము 20వ పిన్నుమీద సంజ్ఞ చేయును. మేము కొన్న తీగలో చెప్పుటకొకటి, వినుటకొకటి, రెంటికి నుమ్మడిగా నొకటి తప్ప మరి పోగులు లేవు. “నిలుపు” మను మాట మోయు దారియే లేదు! చెప్పువాడు చెప్పుచునే యుండెను. వినువాని చేతికందని మాటలు నేలపాలయ్యెను. మిగిలినవి పొందిక చెడి పిచ్చిగీత లయ్యెను. నాలుగవ పోగును యంత్రపు 20వ పిన్నునుండి కంప్యూటరువైపు 8వ పిన్నునకు అతికించి, ఇంక్‌స్కేపులో ఆ సంజ్ఞను పాటించునట్లు ఏర్పరచితిమి.

ఆ పోగు నతికించు దినమున నాకు కలిగిన సిగ్గు ఇంతింత కాదు. రెండేండ్లుగా నాన్నగారు గోడవైపు తిరిగినప్పుడెల్ల నాతో “నిలుపు” మనియే కదా చెప్పుచుండిరి!

తరువాత పదిదినములు ఆయన చెప్పగా నేను గీచితిని. నలుబదియడుగుల ముంగిలి, ఏబదింట నొకవంతు కొలతలో 244 మిల్లీమీటర్లుగా కాగితముపై నిలిచెను. మండువా, నాలుగు వసారాలు, ధాన్యపు గది, దేవుని గది వరుసగా వచ్చెను. కలము చివరి గీత గీచి పైకి లేచినపుడు నాన్నగారు ఎడమచేతి వ్రేలితో ఆ గోడలవెంట మెల్లగా నడచి, పెరటివద్ద ఆగి “నూ...” అనిరి.

నూయి! శాస్త్రప్రకారము ఈశాన్యమున నుండునని నా నాలుక చివరకు వచ్చెను. పెదవి కరచుకొని కూర్చుంటిని. ఆయన పదము పదమే కూర్చి చెప్పినది వేరు: నూయి పడమటి గోడప్రక్కన, ధాన్యపు గది కిటికీ కెదురుగా నుండెనట. ఆ కిటికీనుండియే మా నాయనమ్మ చేద నందుకొనెడిదట. ఈ సంగతి నేనెన్నడును వినియుండలేదు. నేను తొందరపడి పూరించియుండిన, ఆ నూయి తప్పుచోటనే శాశ్వతముగా నిలిచియుండును. మా నాయనమ్మ ఆ కిటికీవద్ద నిలిచియుండెడిదని నా పిల్లలకు తెలియకయే పోవును.

పటము ఇప్పుడు మా నడవగోడను వ్రేలాడుచున్నది. యంత్రమును మరల అటక యెక్కించలేదు. నాన్నగారు మాట మొదలిడినపుడు నేను పొయ్యి దించి వచ్చి కూర్చుండుచున్నాను.