ఉగ్గాని అనే బల్లి

మా పిన్ని కూతురు డాలస్‌లో ఎమ్మెస్ అయిపోయి, ఉద్యోగం వెతుక్కుంటూ, రూంలో తోడుంటుందని ఒక బల్లిని కొనుక్కుంది. లెపర్డ్ గెకో. పసుపుపచ్చ ఒంటి మీద ఆవాలు చిటపటలాడినట్టు నల్ల మచ్చలు. అందుకే దాని పేరు ఉగ్గాని. కోస్తా ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా, అది బొరుగులతో చేసే మా టిఫిను. బజ్జీ లేకుండా తినకూడదు.

జమ్మలమడుగులో అవ్వకి వీడియో కాల్‌లో చూపిస్తే మొదట అడిగింది: "మీద పడిందా మే? ఏ పక్క పడింది?"

"ఇది గోడెక్కదవ్వా. కాళ్లకి అంటుకునే మెత్తలుండవు. కళ్లకి రెప్పలు కూడా ఉంటాయి, చూడు."

"గోడెక్కకుంటే అదేం బల్లి మే!"

నాలుగో నెలలో ఉగ్గాని తినడం మానేసింది. ఈ బల్లికి కొవ్వంతా తోకలోనే దాచుకునే అలవాటు. తోక సన్నబడిందంటే మనకి బుగ్గలు పీక్కుపోయినట్టే. ఒక రాత్రి 11 గంటలకి పులివెందుల హాస్టల్లో నాకు ఫోనొచ్చింది. అక్క ఏడుస్తోంది.

"ఎడారి జంతువు కదా అని ఇసుక పోశాన్రా. పురుగుని పట్టుకోబోయి ప్రతిసారీ ఇసుక మింగిందంట. ఎక్స్‌రేలో పొట్టంతా ఇసుకే."

కింద వేడి చాలక అరుగుదల కూడా మందగించిందని డాక్టరు చెప్పాడట. ఆ ఫీజు అక్క అద్దెలో సగం.

నేను సివిల్ థర్డ్ ఇయర్. బల్లుల గురించి తెలీదు గానీ నేల గురించి కొంచెం తెలుసు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన వాయవ్య భారతం దీని సొంతూళ్లు. అక్కడ ఇది ఉండేది ఇసుక దిబ్బల్లో కాదు, రాళ్ల సందుల్లో, గట్టిపడిన నేల మీద. గండికోట ఎక్కినోళ్లకి అర్థమవుతుంది: ఇసుక కింద పెన్నలో, పైనంతా బండే. సీమంటే ఎడారి అనుకునేవాళ్ల మీద కస్సుమనే మా అక్కే ఈ తప్పు చేసింది!

ఇసుకంతా ఎత్తేసి ముందు కిచెన్ పేపర్ పరవమన్నాను. శుభ్రం చేయడం తేలిక, లోపలినుంచి ఏం బయటికొస్తోందో కనబడుతుంది కూడా. తర్వాత ఏం వేయాలా అని మేం తలలు పట్టుకుంటుంటే, కడప బండల మీద కాళ్లు చాపుకొని కూర్చున్న అవ్వ, "మనింట్లో మాదిరి బండ పరచమను" అంది. అక్క హార్డ్‌వేర్ షాపులో స్లేట్ టైల్స్ తెచ్చి, సందుల్లేకుండా పరిచింది. ఒక పక్క కింద హీట్ మ్యాట్, దానికి థర్మోస్టాట్, బండ మీద 32 డిగ్రీలు. రెండో పక్క చల్లగా. కుబుసం విడవడానికి తడి కాగితం పెట్టిన చిన్న డబ్బా.

ఇక తిండి. నాలుగు నెలలూ మీల్‌వర్మ్స్ తప్ప ఇంకోటి పెట్టలేదు, డబ్బా కొంటే నెల గడుస్తుందని. ఇప్పుడు మార్చి మార్చి కీచురాళ్లు, డూబియా బొద్దింకలు, కాల్షియం ఎక్కువుండే సోల్జర్ ఫ్లై లార్వాలు, పట్టుపురుగులు. పట్టుపురుగుల్ని బల్లికి కొంటారని విని, మగ్గం నేసిన ప్రొద్దుటూరు మామ "కేజీ ఎంతంట?" అన్నాడు. పురుగు దాని రెండు కళ్ల మధ్య దూరం కంటే వెడల్పు ఉండకూడదు. దానికి ముందురోజే క్యారెట్, ఆకులు తినిపించాలి, కాల్షియం పొడి అద్దాలి. పెరట్లో దొరికినవి వద్దు, మందు కొట్టి ఉంటారు. మిణుగురైతే ఒక్కటి చాలు, ప్రాణం పోతుంది.

ఇదంతా అక్క చదువుతుంటే అవ్వ అడ్డొచ్చింది.

"దానికి ఇన్ని రకాలు సరే. నువ్వేం తిన్నావు మే?"

"నూడుల్స్."

"నిన్న?"

అక్క మాట్లాడలేదు.

పన్నెండో రోజు ఉగ్గాని ఇసుకతో సహా దొడ్డికి పోయింది. ఆ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పడింది. ఏంటో తెలీకుండానే పెద్దనాన్న నమస్కారం పెట్టాడు.

ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది 90 రోజులు. అక్కకి 41 అయిపోయాయి. ఈ బల్లి బాగా చూసుకుంటే 15, 20 ఏళ్లు బతుకుతుంది. "నేనొచ్చేయాల్సొస్తే దీన్నెవరు చూస్తార్రా?" అని మొన్న అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అవ్వ పార్శిల్ కట్టించింది. కారంపొడి, నిప్పట్లు, రెండు కేజీల బొరుగులు. బొరుగులు నీకు, బల్లికి కాదు అని మూడుసార్లు ఫోన్ చేసి చెప్పింది.