మడ అడవికి మా కుటుంబ ప్రయాణం

మా వీధిలోని కుర్రవాడొకడు ఆఫ్రికాలోని ఘనా దేశంలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న సెలవులకు వచ్చినపుడు మోలే నేషనల్ పార్కు ఫోటోలు చూపించాడు. ఏనుగులు నీటిగుంటలో దిగి స్నానం చేస్తుంటే, తుపాకీ పట్టిన గార్డు వెంట జనం నడిచి వెళ్లి చూస్తున్నారు. ఆ రాత్రి నుంచి మా పిల్లలిద్దరికీ ఒకటే మాట: “మనమూ వెళ్దాం!”

మావారు కాదనలేదు. కాగితం, పెన్ను తెమ్మని పిల్లల చేతనే లెక్క వ్రాయించారు. ఐదుగురికి పాస్‌పోర్టులు, వీసాలు, విమానం టిక్కెట్లు, పచ్చజ్వరం టీకాలు, అక్రా నుంచి ఉత్తరానికి ఇంకో రోజు ప్రయాణం. కొబ్బరికాయ ధర మీద బ్రతికే ఇల్లు మాది. కూడిక పూర్తి కాకముందే పెద్దవాడు పెన్ను క్రింద పెట్టేశాడు. అప్పుడు మావారు, “మన గోదావరి దాటితే అడవి ఉంది కదరా,” అన్నారు.

అదే కోరింగ. 1978లో ప్రభుత్వం దీనిని అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ ఏనుగులు లేవు. బావురుపిల్లులు, నీటికుక్కలు, రకరకాల పక్షులు ఉన్నాయి. బావురుపిల్లి నీటిలో దిగి చేపలు పడుతుంది, కాని ఎక్కువగా రాత్రివేళ తిరుగుతుంది. కనుక కనబడకపోవచ్చునని పిల్లలకు ముందే చెప్పాము. లేనిపోని ఆశ పెట్టి తీసుకువెళ్తే, ఉన్నది కూడా వారి కంటికి ఆనదు.

క్రిస్మస్ సెలవులు నిర్ణయించుకున్నాము. వలసపక్షులు వచ్చే కాలమది. పూర్వం ఎదుర్లంక రేవులో పంటు కోసం కాచుకోవలసి వచ్చేది. 2002లో వంతెన వచ్చాక అమలాపురం నుంచి ముమ్మిడివరం, యానాం మీదుగా ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. అయితే పడవ మన గడియారాన్ని బట్టి నడవదు, పోటును బట్టి నడుస్తుంది. పోటు సమయం రోజుకు ఇంచుమించు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అందుకే ముందురోజు ఫోన్ చేసి వేళ కనుక్కోవాలి. పాటు వేళ మడచెట్ల ఊపిరివేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి కనబడతాయి. అదీ చూడవలసినదే.

అన్నీ కుదిరాయి. మా అత్తయ్యగారు మాత్రం, “మీరెళ్లి రండమ్మా. సముద్రం దిక్కుకి నేను రాను,” అన్నారు.

ఎందుకో మాకు తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో ఆమె తమ్ముడు పోయారు. రొయ్యపిల్లల వేటకు వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. అప్పటినుంచి ఆమె తీరం వైపు అడుగు పెట్టలేదు.

నేను బలవంతం చేయలేదు. ఆవిడ లేకుండా నలుగురికే లెక్క వేసుకున్నాము. ఒక సాయంత్రం చిన్నది మామ్మ ప్రక్కన కూర్చుని, మడచెట్లు ఎందుకని అడిగింది. ఆ వేళ్లు, కొమ్మలు దట్టంగా అల్లుకొని అల వేగాన్ని తగ్గిస్తాయని, ఒడ్డు కోసుకుపోకుండా మట్టిని పట్టి ఉంచుతాయని మావారు చెప్పారు. ఎంత పెద్ద ఉప్పెననైనా ఆపుతాయని మాత్రం అనలేదు. 1839లో కోరింగ రేవు ఉప్పెనకే పాడైపోయింది కదా.

అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “వాడు ఆ చెట్ల మధ్యనే తిరిగేవాడు,” అన్నారు. మరునాడు పొయ్యి దగ్గరకు వచ్చి, “పడవ ఎక్కను. చెక్కవంతెన మీద నడిచి ఆ చెట్లు చూస్తాను. పొట్టిక్కలకు పనసాకులు నేను కుడతాను,” అన్నారు.

ఇప్పుడు మా కాగితంలో మళ్లీ ఐదుగురున్నారు. ఆమె ప్రక్కన వంతెన మీద నేను ఉంటాను, మావారు పిల్లలతో పడవ ఎక్కుతారు.

ప్రియమైన తల్లులారా, మీరూ ఇలాంటి ప్రయాణం తలపెడితే మంచినీళ్లు, టోపీలు, ముసలివారి మందులు మరువకండి. ఎండకు ముందే బయలుదేరండి. తినుబండారాల కవర్లు అడవిలో పారవేయక ఇంటికి తీసుకురండి. ఇంట్లో ఎవరైనా రానంటే, “మీ ఇష్టం” అని వదిలివేయకండి, తొందరపెట్టనూ వద్దు. వారు నడవగలిగినంత మేర చోటు ఉంచి ఏర్పాటు చేసుకోండి.