దుకాణం అడిగే ప్రశ్న

ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ అంటే అట్టపెట్టె. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి, బిల్లు రాయించుకుని సంచిలో వేసుకొచ్చే వస్తువు. లోపల సీడీ, దాంతోపాటు పాతిక అక్షరాల కీ. కొత్త వెర్షన్ వస్తే పాతది కొన్నవారికి ధర తగ్గేది. పాత బంగారం వేసి కొత్త నగ చేయించుకున్నట్టే!

తర్వాత తయారీదారే నేరుగా గుమ్మంలోకి వచ్చాడు. 2012 అక్టోబరు 26న విండోస్ 8 విడుదలైనప్పుడు మైక్రోసాఫ్ట్ తన సైట్‌లోనే అప్‌గ్రేడ్ అమ్మింది. ధర 39.99 డాలర్లు, మనదేశంలో 1,999 రూపాయలు. అప్పుడే విండోస్ 7 కంప్యూటర్ కొన్నవారికైతే 699 రూపాయలే. 2013 జనవరి 31 దాకా ఆ అవకాశం. మధ్యవర్తి లేడు, నకిలీ సీడీ భయం లేదు. లాభమేగా మరి!

లాభమే. కానీ దుకాణదారు ఒక ప్రశ్న అడిగేవాడు: 'దీనిమీద ఏం పని చేస్తారండీ?' అని. సైట్ ఆ మాట అడగదు. దానికి కార్డు నంబరు చాలు.

చిన్న ఊళ్లో డీటీపీ సెంటర్ నడిపే మనిషిని తలచుకోండి. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు... ఏళ్లతరబడి చేసినవన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉంటాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. కొత్త విండోస్ మీద అది మొరాయిస్తే, ఫాంటు దొరక్క తెలుగంతా పిచ్చిగీతలైపోతే, ముహూర్తం ఆగుతుందా?

ఇక కొత్తది కొందామంటే, అడోబ్ 2013 నుంచి నెలవారీ చందా దారి పట్టింది. ఒకసారి కొనుక్కుంటే మనదైపోయే సీఎస్6 ఆ వరసలో ఆఖరిది. సొంతిల్లు పోయి అద్దెకొంప వచ్చినట్టు! విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాన్నుంచి విండోస్ 11కి మారడం ఉచితమే. అయితే కంప్యూటర్లో టీపీఎం 2.0 ఉండాలి. లేకపోతే? సాఫ్ట్‌వేర్ ఉచితం, కంప్యూటర్ మాత్రం కొత్తది.

నేరుగా కొనడం తప్పని కాదు. తయారీదారు దగ్గర కొంటే సరుకు అసలుదే, బిల్లు మన మెయిల్లోనే ఉంటుంది. కాకపోతే దుకాణదారు చేసే పని ఇప్పుడు కొనేవాళ్లే చేసుకోవాలి. ప్రకటనలో లింకు నొక్కకుండా కంపెనీ చిరునామా సొంతంగా టైపు చేయాలి. మన పాత ప్రోగ్రాములు కొత్తదాంట్లో నడుస్తాయో లేదో ముందే కనుక్కోవాలి. ఫైళ్లు, ఫాంట్లు, కీలు వేరేచోట దాచుకోవాలి. వీలుంటే పాత కంప్యూటర్ను ఇంటర్నెట్ తీసేసి ఓ మూల ఉంచుకోవాలి.

'ఇప్పుడే అప్‌గ్రేడ్ చేయండి' అని తెర తొందరపెడుతుంది. చేతిలో ఉన్న పెళ్లిపత్రిక అచ్చుకి వెళ్లాక చేసినా, ఆ మీట అక్కడే ఉంటుంది.