బంగారుపాళ్యపు ఈతబుర్ర – సముద్రపు అలలపలక

చిత్తూరునుండి పలమనేరు మీదుగా బెంగుళూరునకు పోవు బాటలో బంగారుపాళ్యము గలదు. పూర్వమిది పాళెగాండ్ల యేలుబడిలోని పాళెము. నేడు మామిడికాయల సంతకు పేరొందిన యూరు. వేసవి చివర తోతాపురి కాయలు నింపుకొన్న బండ్లు ఇచట బారులు తీరియుండును. పడమటివైపున మొగిలి గ్రామము, అందు మొగిలీశ్వరుని ఆలయము, ఆవల కనుమదారి. చుట్టును తోపులు, చెఱకుతోటలు, చెఱువులు, బావులు. సముద్రము మాత్రము ఈ సీమకు దూరము. చెన్నపట్నపు తీరమునకు పోవలెనన్న 150 కిలోమీటర్లకు పైగా ప్రయాణము. అయినను నీటిపై తేలు వస్తువులను గూర్చి యీ మెట్టసీమ చెప్పు మాట సముద్రతీరమువారును వినదగియున్నది. ఆ మాటనే మా సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మెట్టనాట పిల్లలు ఈత నేర్చునది బావులలోనే. ముదిరి యెండిన సొరకాయ బుర్రను వీపునకు గట్టి, పెద్దవారు దగ్గర నుండి పిల్లలను నీటిలోనికి దింపుట పాతకాలపు వాడుక. బుర్ర దొరకనిచో బెండు. పొలముగట్లపై కంచెగా పెరుగు కిత్తనార చెట్టు చాల సంవత్సరములకు ఒక్కమారు పూచి, పిదప చనిపోవును. మనిషిని మించి యెత్తుగా లేచిన దాని పూకాడ యెండినప్పుడు మిక్కిలి తేలికయగును. కాడను తునుకలుగా కోసినచో బెండ్లు. ఆకును దంచి తీసిన నారతో వానిని కట్టుటకు త్రాడు. ఈత వచ్చిన పిదప బుర్ర పెంటకుప్పకును, బెండు పొయ్యిలోనికిని పోవును. రెండును తుదకు మట్టిలో కలియును.

ఇప్పుడు పల్లెలలో వీనికి బదులు ప్లాస్టిక్ డబ్బాలును, టెలివిజను పెట్టెలో వచ్చిన థర్మాకోలు ముక్కలును వచ్చినవి. థర్మాకోలు రాతిగట్టుకు ఒరసికొన్నకొలది తెల్లని పూసలుగా రాలును. ఆ పూసలు నీటిపై తేలి, కాలువవెంట మడిలోనికి పోవును. మట్టి వానిని జీర్ణించుకొనలేదు. చేపలును పక్షులును ఆహారమని భ్రమపడి మ్రింగును.

ఈ తెల్లపూసయే సముద్రపు ఆటలోను గలదు. పలకపై నిలిచి, ఒడ్డునకు వచ్చు అలతో కూడ జారు ఆటను సర్ఫింగు అందురు. విశాఖపట్టణమున ఋషికొండ కడను, చెన్నపట్నమునకు దక్షిణమున కోవళము కడను మన యువతీయువకులు దీనిని నేర్చుచున్నారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో దీనికి మొదటిసారి చోటు దొరకెను. ఈ యాటకు పుట్టినిల్లు పసిఫిక్ మహాసముద్రములోని ద్వీపములు. హవాయి ద్వీపవాసులు పూర్వము తమ పలకలను కొయ్యతోనే చెక్కుకొనెడివారు. వారు వాడిన విలివిలి యను తేలికకొయ్య చెట్టు మన బాడిదచెట్టునకు దగ్గర చుట్టము.

1958 ప్రాంతమున అమెరికాలో హోబీ ఆల్టరు, గార్డను క్లార్కు అనువారు కొయ్యకు బదులు పాలీయూరిథేను నురుగును పలకలకు వాడుకలోనికి తెచ్చిరి. పలక తేలికయయ్యెను, చౌకయయ్యెను, ఆట లోకమంతట వ్యాపించెను. అయితే ఆ నురుగునకు వాడు రసాయనము ఐసోసయనేట్ల కుటుంబములోనిది, ఊపిరితిత్తులకు చేటు. 1984లో భోపాలున వేలాది ప్రాణములను తీసిన వాయువును ఆ కుటుంబములోనిదే. పెక్కు పలకలకు నురుగు నచ్చుచుండిన క్లార్కు కర్మాగారము 2005 డిసెంబరులో మూతపడెను. నేటి పలకలలో కొన్నిటి గర్భమున ఈ నురుగును, మఱికొన్నిటిలో థర్మాకోలును ఉండును. పైన గాజునార, రెజిను పూతలు. విరిగిన పలకను కరగించి మరల పలక చేయుట సాధ్యము కాదు. చన్నీటి సముద్రములలో తొడుగు నియోప్రీను ఉడుపులును రసాయనపు రబ్బరుతో చేసినవే. మన తీరపు నీరు వెచ్చనిది గనుక వాని యవసరము మనకు లేదు.

దీనికి మార్గాంతరము లేకపోలేదు. కాలిఫోర్నియాలో గారీ లిండెను అను శిల్పి కిత్తనార జాతి చెట్ల యెండిన పూకాడలను అతికించి పలకలు చేసెను. బంగారుపాళ్యపు బావిలో పిల్లలను తేల్చిన బెండును, మహాసముద్రపు అలపై మనిషిని మోసిన పలకయు ఒకే జాతివి! 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు నాచునుండి తీసిన నూనెతో పలకకు నురుగు చేసి చూపిరి. 2016లో పాటగోనియా సంస్థ నియోప్రీనునకు బదులు చెట్టుపాల రబ్బరుతో ఉడుపులు చేయించెను. కాలు జారకుండ పలకపై రుద్దు మైనమును పెట్రోలియమునకు బదులు తేనెమైనముతోను, కొబ్బరినూనెతోను చేసికొనవచ్చును. పగడపు దిబ్బలకు హాని చేయునని రెండు రసాయనములున్న ఎండపూతల అమ్మకమును హవాయి రాష్ట్రము 2021 జనవరి నుండి నిషేధించెను.

అయినను కొయ్య యనగానే నిర్దోషమని తలపరాదు. కొయ్యపలక బరువు, చేయుటకు శ్రమ మెండు. నీరు పట్టకుండ దానికిని పూత పూయవలెను. అడవిని నరికి రబ్బరుతోట వేసినచో ఆ రబ్బరు మేలు రబ్బరు కాజాలదు. బుర్రయు అంతియే; సన్నని పగులున్నను నీరు లోనికి చేరి ప్రాణమునకే ముప్పు. కావున బుర్రయైనను, బెండైనను, డబ్బాయైనను పెద్దవారు ప్రక్క లేక పిల్లలను నీటిలో దింపరాదు. ఆడుపిల్లలకు ఈత యేలనని మానిపించుటయు తగదు. కాలు జారిన చోట నీరు ఆడ మగ యని చూడదు.

మాకు తోచినంతవరకు వస్తువును కొనునపుడు అడుగవలసిన ప్రశ్నలు రెండు: ఇది యెంతకాలము వచ్చును? పని తీరిన పిదప ఎక్కడికి పోవును? ఒక గట్టి డబ్బాను వీధిలోని పిల్లలందరు పదేండ్లు వాడుకొనినచో దానియందు దోషము స్వల్పము. ఒక వేసవికే చిట్లిపోవు థర్మాకోలు ముక్క చౌకయైనను నష్టమే. సముద్రపు పలకకును ఇదే లెక్క. క్రొత్తగా నేర్చువారు పలకను అద్దెకు తీసికొనుట మేలు. పగిలినదానిని వెంటనే బాగుచేయించుకొనుట అంతకంటె మేలు.

సముద్రము లేని ఇండ్లలోను చేయదగిన పని కలదు. ఈ యేడు పందిరిమీది సొరకాయలను కోయునపుడు రెండింటిని తీగపైననే ముదురనిండు. ఒకటి విత్తనములకు, ఒకటి పిల్లల యీతకు.