అత్తో తిందాం రండి

పోయిన నెల మన కే.వి.కుప్పం టీ అంగట్లో ఒక మాట పడింది. సింగపూరులో కట్టడం పనికి పోయిన మా వీధి అబ్బాయి సెలవుకు వచ్చి ఉన్నాడు. అక్కడ ఏం తింటారురా అని అందరూ అడిగితే వాడు లక్సా, లక్సా అని ఒకటే చెప్పడం. ఇడియాప్పం దారాల్లాంటివి గిన్నెలో వేసి, మిరపకాయలు, ఎండురొయ్యలు నూరి కొబ్బరిపాలల్లో కాచిన పులుసు పైన పోస్తారంట. మలేసియాలో పెనాంగు వైపు పోతే కొబ్బరిపాలకు బదులు చింతపండు, చేపలు వేసి కాస్తారంట. "మన దేశంలో ఇట్లాంటిది యాడా లేదు మామా" అని తేల్చేశాడు.

నేను ఊరుకోలేకపోయాను. "ఒరే, దాని తోబుట్టువు మన చెన్నపట్నంలోనే ఉంది. హార్బరు ముందర వీధిలో నిలబడి తినాల. దాని పేరు అత్తో" అన్నాను. అంగట్లో అందరూ పకపకా నవ్వారు. "అత్తను పిలస్తా ఉండావా మామా?" అన్నాడు వాడు. నవ్వులాటకు సరిపోయింది గానీ, ఆ పేరు వెనక పెద్ద కథే ఉంది. అందులో నా పాలు కూడా కొంచెం ఉంది. మిల్లు ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు చెప్పాల్సిన కథే గనక మన పత్రికకు రాస్తున్నాను.

నెలకొకసారి గుడియాత్తం కైలీల మూటలు తీసుకుని నేను చెన్నై పోతాను. తెల్లారకముందే ఏలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దెక్కేటప్పటికి సెంట్రల్‌లో దిగొచ్చు. గోడౌన్ స్ట్రీట్‌లో మూటలు అప్పజెప్పి, లెక్క రాయించుకుని, పాత బాకీ అడిగి, "వచ్చే నెల చూద్దాం" అనిపించుకునేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. కడుపులో ఎలుకలు పరుగెత్తుతుంటాయి. అప్పుడు తూర్పు దిక్కుగా నడక పట్టుకుంటాను. సందులు దాటుకుని పోతే సెకండ్ లైన్ బీచ్.

పేరుకే బీచ్. ఇసకా లేదు, అలా లేదు. ఒకప్పుడు సముద్రం ఇప్పటి పారీస్ కార్నర్ కట్టడాల ముందు దాకా ఉండేది. హార్బరు కట్టినాక నీళ్ళు వెనక్కి జరిగి నేల బయటపడింది. ముందు వీధిని ఫస్ట్ లైన్ బీచ్ అనేవాళ్ళు, ఇప్పుడది రాజాజీ సాలై. దాని వెనక వీధే మనది. రాజాజీ సాలై పక్కన బీచ్ స్టేషన్ దగ్గర వరసగా ఇరుకిరుకు అంగళ్ళు కనిపిస్తాయే, అదే బర్మా బజార్. మా వయసు వాళ్ళు ఫారిన్ సెంటు, టేప్ రికార్డరు అంటే అక్కడికే పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు, చార్జర్లు ఎక్కువ.

ఆ వెనక వీధిలోనే అత్తో బండ్లు. బండి మీద పసుపూ కాదు, ఎరుపూ కాదు, నారింజ రంగు నూడుల్స్ కుప్పగా పోసి ఉంటాయి. ఇవి గోధుమపిండివి, మన సేమ్యా కన్నా బాగా లావు. బండాయన గిన్నెలో ఒక గుప్పెడు వేసి, దారాల మాదిరి తరిగిన పచ్చి కోసుగడ్డ, కరకరలాడే వేయించిన ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు కాచిన నూనె, చింతపండు రసం, దంచిన ఎండుమిరపకాయ, ఉప్పు, వేయించిన శనగపిండి, పైన ఒక బేజో నలిపి వేస్తాడు. బేజో అంటే మన వడకు చుట్టం, పలచగా పెళుసుగా ఉంటుంది. అంతా చేత్తోనే కలుపుతాడు. పొయ్యి మీద పెట్టడం లేదు, గరిటె లేదు. బర్మా భాషలో అత్తో అనే మాటకు అర్థం కూడా కలిపినది అనే. మన అత్తకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

పక్కన చిన్న గిన్నెలో సూప్ పోస్తారు. అది అరటిదవ్వతో చేసింది. మిరియాలు, తెల్లగడ్డలు వేసి, శనగపిండితో కాస్త చిక్కగా కాస్తారు. ఎంత అడిగినా మళ్ళీ పోస్తారు, దానికి వేరే డబ్బు లేదు. నాకైతే సగం రుచి ఆ సూప్‌లోనే. బర్మాలో పొద్దున్నే తినే మోహింగా అనే చేపల పులుసులో కూడా అరటిదవ్వ వేస్తారు. ఇక్కడికి వచ్చినాక చాలా బండ్లలో చేప పోయింది, అరటిదవ్వ నిలిచింది. గుడ్డు కావాలంటే ఉడికిన గుడ్డును నడిమికి చీల్చి, లోపల వేయించిన ఎర్రగడ్డలు, కారం కూరి, తెల్లగడ్డల నూనె, చింతపండు రసం చల్లి ఇస్తారు. నోట్లో ఒకేసారి వేసుకోవాల. కొరికితే చొక్కా పాడు.

మా సింగపూరు అబ్బాయి లక్సాకు నిజమైన తోబుట్టువు మాత్రం అత్తో కాదు, కౌస్వే. అదే నూడుల్స్ మీద కొబ్బరిపాలూ శనగపిండీ వేసి కాచిన పులుసు పోస్తారు. అన్ని బండ్లలోనూ ఉండదు, అడగాల.

ఏ బండి మంచిది అని అడిగేవాళ్ళకు నా లెక్క ఒకటే. నూడుల్స్ మీద తడిగుడ్డ కప్పి ఉండాల, నూనె వాసన చూస్తే తెలవాల, హార్బరు కూలీలు, ఆఫీసు బంట్రోతులు ఒకే బల్ల దగ్గర నిలబడి తింటా ఉండాల. బోర్డు పెద్దదా, లైట్లు ఉన్నాయా అని చూడొద్దు. పిల్లల్ని తీసుకుపోతే "కారం తక్కువ" అని ముందే చెప్పండి, కలిపినాక తీయడానికి లేదు. పులుపు మాత్రం తగ్గించమని అడగొద్దు, తగ్గిస్తే అది అత్తో కాదు. నేను తినే బండిలో ప్లేటు 70 రూపాయలు. ఒక మనిషికి పూట గడిచిపోతుంది.

ఇక ఇది ఇక్కడికెట్లా వచ్చిందంటారా. మన తెలుగువాళ్ళు రంగూన్‌ను రంగం అనేవాళ్ళు. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి వైపు నుంచి రంగం పోయి ఓడరేవులో మూటలు మోసినవాళ్ళు, ధాన్యం మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో పనిచేసినవాళ్ళు లెక్కలేనంత మంది. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద వాళ్ళను అక్కడ కోరంగీలు అని పిలిచేవాళ్ళు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ ఊరి జనంలో సగానికి పైగా మన దేశం వాళ్ళే. 1930లో రేవు పని దగ్గర తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ గొడవ లేచి చాలామంది చచ్చిపోయారు. ఇద్దరిదీ కూలి బతుకే. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు బాంబులు వేస్తే లక్షల మంది అడవుల్లో పడి నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళు ఎందరో. యుద్ధం అయినాక కొందరు మళ్ళీ పోయారు. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కింది. రెండేళ్ళలో బ్యాంకులు, బియ్యం వ్యాపారం, అంగళ్ళు అన్నీ సర్కారు చేతికి పోయాయి. 1964 మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. అప్పుడు ఓడలెక్కి వచ్చినవాళ్ళకు మద్రాసులోనూ విశాఖలోనూ జాగాలు చూపించారు. విశాఖలో ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పేట ఉంది. ఇక్కడ వ్యాసర్‌పాడి వైపు ఇళ్ళు కట్టించారు, పారీస్ పక్కన అంగళ్ళు పెట్టుకోనిచ్చారు. వాళ్ళకు అప్పులివ్వడానికే 1969లో రెప్కో బ్యాంకు పుట్టింది.

ఇవన్నీ నేను పెద్దయ్యాక తెలుసుకున్నవి. పదేళ్ళప్పుడు నాకు తెలిసింది రంగం అత్త ఒక్కతే.

మా నాయన పెరంబూరు పక్క ఒక మిల్లులో నేత ఖాతాలో పనిచేసేవాడు. వ్యాసర్‌పాడిలో లైన్ ఇళ్ళల్లో ఉండేవాళ్ళం. మా లైనులో సగం తెలుగువాళ్ళే, ఆర్కాటు జిల్లాల నుంచి, నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళు. మా వెనక లైనులోకి బర్మా నుంచి వచ్చిన ఒక కుటుంబం చేరింది. ఆమె మొగుడు రంగంలో ధాన్యం మిల్లులో పనిచేసినవాడు, వచ్చిన రెండేళ్ళకే పోయాడు. నలుగురు బిడ్డలు. ఓడ ఎక్కకముందు చెవి కమ్మలు కూడా ఊడదీసుకున్నారని ఆమె చెప్పేది. వేప పుల్లలు పెట్టుకున్న చెవులు చూపించేది. అందరూ ఆమెను రంగం అత్త అనేవాళ్ళం.

పొద్దున్నే ఆమె నెత్తిన గంప పెట్టుకుని మా లైనులోకి వచ్చేది. గంపలో ఒక కుండలో పులుసు, ఒక గుడ్డ మూటలో నూడుల్స్. ప్లేటు పావలా. మొదట్లో కొందరు కొనుక్కునేవాళ్ళు, మా నాయన కూడా. ఒకరోజు నాకు పెట్టాడు. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, అందరూ చూస్తుండగా తూ అని ఉమ్మేసి, "ఛీ, పురుగుల కూడు" అన్నాను. ఆమె గంప దగ్గరే కూర్చుని ఉంది. "ఏటి బాబూ, తినవేటి?" అంది, అంతే. నాయన నా వీపు మీద ఒకటి వేశాడు. నాకు అది చాలదనిపించిందో ఏమో, బడిలో పిల్లలకంతా ఆ మాట అంటగట్టాను. గంప కనబడగానే "పురుగుల కూడు, పురుగుల కూడు" అని వెంటపడేవాళ్ళం. పిల్లల మాటే గదా అని పెద్దలు నవ్వారు. నవ్వినవాళ్ళు కొనడం మానేశారు. నెల తిరక్కముందే ఆమె మా లైనుకు రావడం మానేసింది.

ఆ మరుసటేడు మిల్లులో లే-ఆఫ్. మూడు నెలలు జీతం లేదు. బియ్యం అంగడాయన కాతా మూసేశాడు. అమ్మ గంజి కాచి, అందులో ఉప్పు వేసి, పచ్చిమిరపకాయ చేతికిచ్చేది. ఒక మాపటేళ రంగం అత్త పెద్ద కూతురు మూత పెట్టిన సత్తు గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. మూత తీస్తే కొబ్బరిపాల వాసన. కౌస్వే. నాయన నా వైపు చూశాడు. నేను తలొంచుకుని తిన్నాను, గిన్నె గీకి గీకి తిన్నాను. ఆ మూడు నెలల్లో ఆ గిన్నె ఎన్నిసార్లు వచ్చిందో అమ్మకు తెలుసు, ఇప్పుడు అమ్మ లేదు. ఖాళీ గిన్నె తిరిగిచ్చే పని నాకే పెట్టేది. పోయి, గుమ్మంలో పెట్టి, పరుగెత్తుకొచ్చేవాణ్ణి. ఒక్కరోజైనా నోరు తెరిచి ఆ మాట తప్పయిందత్తా అనలేదు. తర్వాత మిల్లు పని పోయి మేము కుప్పానికి వచ్చేశాం.

ఈమధ్య ఒకసారి రైలు తప్పిపోయింది. రాత్రి రైలు దాకా టైముంది గదా అని బస్సెక్కి వ్యాసర్‌పాడి పోయాను. మా లైను లేదు, అపార్ట్‌మెంట్లు లేచాయి. వెనక వీధి మొగదలలో మాత్రం అత్తో బండి. ముప్పై ఏళ్ళుంటాయేమో, ఒక ఆడబిడ్డ కలుపుతోంది. తమిళంలో అడిగితే తెలుగులో బదులిచ్చింది, అదీ శ్రీకాకుళం యాస. గుండె ఝల్లుమంది. మీ అవ్వ గంప పెట్టుకుని అమ్మేదా తల్లీ అని అడిగాను. అవునంది. పోయి పన్నెండేళ్ళయిందంది. మేము ఫలానా లైనులో ఉండేవాళ్ళం అన్నాను.

చేతిలో కలుపుడు ఆపకుండానే నా మొహంలోకి చూసింది. "పురుగుల కూడన్న పిల్లడు మీరేనేటి?" అంది.

నాకు నోట మాట రాలేదు. అవ్వ ఆ కథ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పేదో, చెప్పి ఎంత నవ్వేదో ఆమే చెప్పుకొచ్చింది. బండి పెట్టిన మొదట్లో ఎవరైనా మొహం చిట్లిస్తే, "ఆ గుంటడు గీకి తిన్నాడే, ఈయనా తింటాడు, ఉండు" అనేదంట. గిన్నెలో చప్పుడు మా లైనంతా వినిపించేదంట. అప్పుడు అన్నాను, తప్పయిందని. అవ్వతో అనాల్సింది మనవరాలితో అన్నాను. ఆమె సూప్ గిన్నె నా వైపు జరిపి, "సల్లారిపోతాది, తాగండి" అంది. డబ్బు ఊరికే వదిలెయ్యలేదు, లెక్కబెట్టి తీసుకుని, 30 రూపాయల చిల్లర ఇచ్చింది.

పోయిన వారం మూటలు దింపి వస్తా వస్తా సెకండ్ లైన్ బీచ్‌లో రెండు ప్లేట్లు పార్సెల్ కట్టించుకున్నాను. పార్సెల్ కట్టించుకునేవాళ్ళు నూడుల్స్, చింతపండు రసం, బేజో, సూప్ నాలుగూ వేరువేరుగా కట్టమని అడగండి, కలిపి కడితే కాట్పాడి వచ్చేసరికి ముద్దయిపోతుంది. ఇంట్లో సూప్ వేడి చేసి, టీ అంగట్లో మా సింగపూరు అబ్బాయి ముందు పెట్టాను. చేత్తో కలిపి పెట్టింది నేనే. వాడు తిన్నాడు, మళ్ళీ పెట్టించుకున్నాడు. లక్సా అంత లేదు మామా అన్నాడు. కౌస్వే తినలేదు గదా వాడు, వచ్చే నెల వ్యాసర్‌పాడికి తీసుకుపోతానన్నాను.